టెలిప్రింటర్ పానా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్. ముందు గదిలో గ్రూప్-2 క్లాసు, వెనక గదిలో గూఢచారి సంస్థ.

చీఫ్ అరుణజ్యోతి టేబుల్ మీద ఫొటో పడేసింది. వేలెడంత పానా.

“ఎల్‌బీ నగర్ సేఫ్‌హౌస్‌ల మన పాత టెలిప్రింటర్ దీంతోనే తెరుసుకుంటది. పగలగొడితే యాసిడ్ పడి లోపలి టేప్ కరుగుతది. టేప్ మీద విదేశాల్ల ఉన్న మన ఏజెంట్ల పేర్లు.”

ఏజెంట్ మహిపాల్ పళ్లు కొరికాడు. ఆ పేర్లలో ప్రసన్నకుమార్ ఒకడు. మహిపాల్‌కు బావ. శత్రువుల ఓడరేవులో వంటవాడిగా ఐదేళ్లు. మస్కట్‌లో క్రేన్ నడుపుతున్నాడని అక్క నమ్మకం.

“గిసోంటి పానా ఇంకేడుంది మేడమ్?”

“ఒకటి నా బీరువాల. ఇంకో రెండు తుక్కుల పోయినయి.”

“తుక్కుల ఎవడేసిండు?”

“మనమే. రిటైర్డ్ టెలిగ్రాఫ్ మెకానిక్ బాపిరాజు కొన్నడు. పాత మిషన్ల పానాలు జమజేస్తడు. విదేశీ ముఠాకు ఐదింటికల్ల లిస్టు కావాలంట. వాళ్లకన్న ముందు నువ్వు పో.”

మహిపాల్ వాటర్ ఫిల్టర్ మెకానిక్ వేషంలో బాపిరాజు బెల్ కొట్టాడు. ఆయన భార్య హనుమాయమ్మ తలుపు తీసింది.

“కంప్లైంట్ ఇచ్చి మూడు నెలలు. ఇప్పుడా బాబూ రావడం?”

ఇరవై నిమిషాలు ఫిల్టర్ కడిగాక హాల్లోకి అనుమతి దొరికింది. గాజు అలమరలో నూట నలభై చిన్న పానాలు. ప్రతిదానికీ చీటీ.

“మా ఇంట్లో దీన్ని తుక్కంటారు,” అన్నాడు బాపిరాజు. “మధ్యాహ్నం అమల గారని ఒకావిడ వచ్చి, రెండు గంటలు కూర్చుని విన్నారు. సెల్ఫీ కూడా దిగాం.”

సెల్ఫీలో పట్టుచీర, నల్లకళ్లద్దాలు. సేఫ్‌హౌస్ ఇన్‌ఛార్జి అమల. అంటే డబుల్ ఏజెంట్ ఈమేనన్నమాట.

“టెలిప్రింటర్ పానా ఇచ్చిండ్రా?”

“అడిగితే ఇవ్వమా? తాంబూలంలో పెట్టి ఇచ్చాం.”

మహిపాల్‌కు మండిపోయింది. “ఒక్క మనిషి మెచ్చుకుంటే ఇచ్చుడేనా సార్?”

“పన్నెండేళ్లలో ఆ ఒక్క మనిషే మెచ్చుకుందయ్యా. నువ్వొచ్చావా?”

రోడ్డు మీద ట్రాఫిక్ కదలడం లేదు. మహిపాల్ మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగి సేఫ్‌హౌస్‌కు పరుగెత్తాడు.

నాలుగూ యాభై ఎనిమిది. అమల ఒక చేత్తో పిస్టల్ అతని మీద గురిపెట్టి, ఇంకో చేత్తో టెలిప్రింటర్ నట్టుకు పానా బిగించింది.

“కదిలావో, మీ బావకంటే ముందు నువ్వే పోతావు మహీ.”

తిప్పింది. జారింది. మళ్లీ తిప్పింది. మళ్లీ జారింది.

“ఏంటిది, దరిద్రం,” అని పిస్టల్ మిషన్ మీద పెట్టి రెండు చేతులా బలంగా తిప్పింది. నట్టు మూలలన్నీ అరిగి గోళీలా అయిపోయింది. ఆమె తలెత్తేసరికి పిస్టల్ మహిపాల్ చేతిలో ఉంది.

సరిగ్గా ఐదింటికి ఆమె ఫోన్ మోగింది. మహిపాల్ ఎత్తాడు. “మేడమ్ ఇగ రారు,” అని పెట్టేశాడు.

సంకెళ్లు వేశాక పానాను వెలుతురులో చూశాడు. నోరు పూర్తిగా అరిగిపోయి ఉంది. బాపిరాజుకు ఫోన్ కలిపాడు.

“సార్, ఆమెకిచ్చిన పానా పనికిరానిది.”

“ఆ సంగతి నాకు తెలీదా? మంచిది అలమరలో ఉంది. చుట్టాలకి ఎవరైనా మంచిది ఇస్తారా?”

“గదే సార్, అందుకే థాంక్స్—”

“ఊరికే ఇచ్చినదానికి కూడా వంకలు పెడుతున్నారు,” అని బాపిరాజు ఫోన్ పెట్టేశాడు.