చీమలు పట్టని అన్నం

సారంగపాణి చనిపోయి ఒక రాత్రంతా గడిచినా ఎవరికీ తెలియలేదు.

సోమవారం మధ్యాహ్నం సమ్మమ్మ ఎప్పటిలాగే మట్టెవాడలో ఆయన ఒంటరిగా ఉండే ఇంటికి అన్నం క్యారియర్ తెచ్చింది. తలుపు కొట్టింది. లోపల అలికిడి లేదు. గల్లీవాళ్లను పిలిచి గడియ విరగ్గొట్టించింది.

మంచం పక్కన నేల మీద బోర్లా పడి ఉన్నాడు ముసలాయన. చుట్టూ వాంతి. పళ్లెంలో ఆదివారం నాటి అన్నం సగం మిగిలి ఉంది.

పోస్టుమార్టం డాక్టర్ ఒక్క ముక్కే చెప్పాడు. విషం. ఏ విషమో ల్యాబ్ చెప్పాలి.

మంగళవారం పొద్దున్నకల్లా అన్నం పెట్టిన మనిషే హంతకురాలైపోయింది. అంతవరకు ఆమె వండింది తిన్న ఇళ్లన్నీ ఇక క్యారియర్ వద్దన్నాయి.

ఫిర్యాదు ఇచ్చింది రాంప్రసాద్, సారంగపాణి తమ్ముడి కొడుకు. నర్సంపేటలో షాపు. గంట ప్రయాణం. పెద్దబాపును చూడడానికి మూడేళ్లుగా తీరిక దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

ఇన్‌స్పెక్టర్ సుభాషిణి అతన్నీ సమ్మమ్మనూ ఆ గదికే పిలిపించింది.

"ఆదివారం ఏం వండినవ్?"

"సొరకాయ పప్పు, అన్నం మేడం."

"ఇంకెవరికి ఇచ్చినవ్?"

"ఈ గల్లీల ఆరిండ్లకు. నేను సుత గదే తిన్న."

"ఎవరికన్న వాంతులైనయా?"

"ఎవ్వరికి కాలే."

రాంప్రసాద్ అందుకున్నాడు. "పెద్దబాపు క్యారియర్ల వేరేగ కలిపిందేమో మేడం! ఆయన ఈమె అన్నం తప్ప ఇంకేం తినడట."

సమ్మమ్మ కళ్లు నిండాయి. "ఎందుకు కలుపుత బిడ్డా? కూర మంచిగుందని రోజు చెప్పెటోడు. గా మాట కోసమన్న వండేదాన్ని. జైల్ల ఏస్తే ఎయ్యుండ్రి. గానీ విషం పెట్టిందన్న మాటతోని నేనెట్ల బతకాలె?"

సుభాషిణి గది చూస్తోంది. ఒక మంచం. ఒక కుర్చీ. రెండో కుర్చీ లేదు, అవసరం పడి ఉండదు.

కిటికీ రెక్కల సందులన్నిటికీ టేపు అంటించి ఉంది.

"ఇదేంది?"

"సారుకు ఆయాసం మేడం," అంది సమ్మమ్మ. " బయట లారీల పొగ, దుమ్ము. అన్ని మూసుకొని ఉండుమన్నరట దవాఖానల."

సుభాషిణి పళ్లెం దగ్గర కూర్చుంది. రెండు రోజుల పప్పన్నం. కింద కూడా మెతుకులు పడి ఉన్నాయి. వాటి మీద ఒక్క చీమ లేదు.

గోడ వెంట చూపు సాగించింది. చీమలు ఉన్నాయి. బారుగా బయలుదేరి, పళ్లేనికి చేరకుండానే దారిలో చచ్చి పడి ఉన్నాయి. వాటికి పైన, గోడలో పాతకాలం దీపపు గూడు. గూట్లో ఒక బల్లి వెల్లకిలా పడి ఉంది. గూడు వెనక ఇటుక వదులై సందు పడింది.

సందు దగ్గరకు ముఖం పెట్టిందో లేదో వెల్లుల్లి కుళ్లినట్టు వాసన. చటుక్కున వెనక్కి వచ్చింది.

"బయటికి నడువుండ్రి. అందరు. ఇప్పుడే!"

గల్లీలోకి రాగానే ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఆ గోడ వెనక ఏముందో కానిస్టేబుల్ కనుక్కొచ్చాడు. కుమారస్వామి మొక్కజొన్న గోడౌన్. దాని గేటు అవతలి రోడ్డు మీద ఉంది. కుమారస్వామి పరుగున వచ్చాడు.

"బస్తాలకు మందు పెట్టినవా?"

"శనివారం సాయంత్రం మేడం. పురుగు పట్టిందని గోళీలు పెట్టినం. గ్యాస్ లేస్తదని తాళమేసి, గేటుకు డేంజర్ బోర్డు సుత కట్టిన."

"రోడ్డు మీద పోయెటోళ్లకు చెప్పినవ్. గోడ పక్కన పండుకున్నోనికి చెప్పలే."

సుభాషిణి రాంప్రసాద్ వైపు తిరిగింది. "అన్నంల విషముంటే అన్నం తిన్న చీమలు సావాలె. ఇవి అన్నం దాకా రానే లేదు. బల్లి పప్పన్నం తినదు గద? విషం గాలిల ఉంది. గోడ సందుల నుంచి వచ్చింది. కిటికీకి టేపు ఉండె, బయటికి పోలే. పొగకు భయపడి తలుపులు మూసుకున్నడు మీ పెద్దబాపు. అంతకంటె పాడు గాలి లోపలనే పట్టుకున్నది."

కుమారస్వామి ఆ ఇంటి వైపు చూశాడు. "ఆ ఇల్లు ఖాళీ అనుకున్న మేడం. పదేండ్ల సంది గోడ అవుతల సప్పుడే ఇనలే."

"సప్పుడెట్లొస్తది సేటూ?" అంది సమ్మమ్మ. "మాట్లాడను ఇంకో మనిషి ఉండాలె గద."

రాంప్రసాద్ తల దించుకున్నాడు.

"ఈ గోడకు ఇంకెవరి ఇండ్లున్నయ్?" సుభాషిణి అడిగింది.

"తెల్వదు మేడం," అన్నాడు కుమారస్వామి.

"నాకెరుక." సమ్మమ్మ అప్పటికే కదిలింది. గోడౌన్‌లో మందు ఇంకా ఉంది. ఫైర్ వాళ్లు ఇంకా రాలేదు.

అదే గోడకు ఆనుకున్న మొదటి ఇంటి తలుపు కొట్టింది.

"ఎవరు?" లోపలి నుంచి శారద గొంతు. నిన్నటిదాకా సమ్మమ్మ క్యారియర్ తిన్న ఇల్లే అది.

"సమ్మమ్మను."

గడియ కదల్లేదు.

"అన్నం తేలే బిడ్డా. జర పిల్లనెత్తుకొని బయటికి రా. లోపల గాలి మంచిగ లేదు."

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. శారద పిల్లను చంకనేసుకుని గడప దాటింది. సమ్మమ్మ అప్పటికే పక్కింటి తలుపు కొడుతోంది.