ఉక్కు కడ్డీల వెనక

అరచేత్తో నొక్కగానే, అడ్డొచ్చిన మనిషికి దెబ్బ తగలకుండా లారీ ముందు అమర్చిన మృదుముఖం ఉబ్బింది. మనిషని గుర్తుపట్టి, పరుపులా ముందుకొచ్చి, మళ్ళీ ముడుచుకుంది. "బానే ఉంది" అంది తనిఖీ కేంద్రంలో బండ్లు పరీక్షించే సలోమి. గేటు తెరుచుకుంది. డ్రైవరు లేని ఆ లారీ దానంతటదే చిలకలూరిపేట హైవే ఎక్కింది.

తరవాతి బండి లోపలికి రాగానే, పక్కన పనిచేసే ఖాజా అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, దీన్ని నువ్వు చూడమాక. నేను చూస్తాలే."

నల్లబండి. ముఖానికి అడ్డంగా మెరిసే ఉక్కు కడ్డీలు. డివైడరు మీది గన్నేరు చెట్లకు నీళ్ళు పెట్టి రోడ్డు దాటుతున్న ఆమె భర్త ఏసుపాదాన్ని పోయినవారం గుద్దింది ఇదే. బండికి గీత పడకుండా కడ్డీలు బిగించుకోడానికి యజమానికి ప్రత్యేక అనుమతి ఉంది.

"తప్పుకో తమ్ముడూ. నా వంతు."

ప్రమాదాల్లో తప్పెవరిదో తేల్చే 'నిర్ణేత' అనే యంత్రం అప్పటికే తీర్పు చెప్పేసింది. "పాదచారి హఠాత్తుగా అడ్డొచ్చాడు. తప్పు అతనిదే. ధ్రువీకరించండి."

మనిషి ఒకరు ఔనంటేనే తీర్పు చెల్లుతుంది. ఇన్నేళ్ళలో కాదన్నవాళ్ళు లేరు.

సలోమి మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీల సందులోంచి చెయ్యి పెట్టింది. లోపల మృదుముఖం ముడుచుకుని లేదు. పూర్తిగా ఉబ్బి, ఉక్కుకు ఒత్తుకుని చిరిగిపోయింది. అంటే బండి ఆయన్ని చూసింది. కాపాడాలనే చూసింది. పరుపు చేరేలోపే ఇనుము చేరింది.

"ఈయన చూసుకోకుండా దిగాడనే అనుకున్నా ఖాజా. శవం దగ్గర కూడా ఆయన్నే తిట్టా."

కడ్డీల సందులోంచి చెయ్యి బయటికి తీసింది.

"కాదు" అంది సలోమి, నిర్ణేతతో.

"మీరు కాదంటే విచారణ ముగిసేదాకా కడ్డీలున్న ప్రతి బండినీ నిలిపివేయాలి. పునరాలోచించండి."

"నిలిపెయ్."

బయట హైవే మీద కడ్డీల బండ్లు ఒక్కొక్కటే వేగం తగ్గి పక్కకు ఒదిగాయి. లోపలివాళ్ళు అద్దాలు దించి కేకలు మొదలుపెట్టారు.

"పైవాళ్ళు రేపటికల్లా ఈ బండ్లని మళ్ళీ తిప్పుతారక్కా. నీ ఉద్యోగం కూడా..."

"తిప్పనీ. ఆయనదే తప్పని మాత్రం నా నోటితో ఇంకోసారి అనను."

వారం రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఖాజా వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఊరుకోమని అనలేదు.