ఆకుల మూట

నౌసోరి దగ్గర రేవా నది ఒడ్డున, ఓడలో ఈ దీవికి తెచ్చిన గిర్మిట్ కూలి ఒప్పందం తీరి సొంతంగా సాగు చేసుకుంటున్న మునియ్య ఇంట ఆ ఉదయం కూడా పొయ్యి యథాప్రకారం రాజుకున్నది. మనుమరాలి ఏడుపు మాత్రం నానాటికీ సన్నగిల్లుతున్నది. జ్వరం వచ్చిన నాటి నుండి కోడలు జసోదకు పాలు ఇంకిపోయాయి. గంజి పోస్తే బిడ్డ ఉమ్మివేస్తున్నది.

"అత్తా, పక్కన ఈ దీవివాళ్లు కాయివీతీల ఊళ్లో లితియాకి చంటిబిడ్డ ఉంది. మన పాపకీ పాలిస్తానంది. ఒక్కసారి తీసుకెళ్లనీ."

అత్త కౌసల్య చేటలోని బియ్యం నుండి తల ఎత్తకుండానే గోడ వైపు వేలు చూపింది. దొర బంగళాలో పారవేసిన పుస్తకం నుండి భర్త మునియ్య తెచ్చిన పటం అక్కడ అతికించి ఉన్నది. రాగిరేకుపై చెక్కి అచ్చు తీసిన పూర్వకాలపు చిత్రమది. పడవ దిగుతున్న తెల్ల కప్తాను, ఒడ్డున పొగలెగసే గుంత, దాని చుట్టూ చేతులు చాచిన దీవివాసులు.

"ఆ గుంత దేనికనుకున్నావే? మనుషుల్ని కాల్చుకు తినడానికి."

"ఆ బొమ్మ గీసినవాడు లండను దాటి రాలేదని దొరే నవ్వాడు," అన్నాడు మునియ్య.

"చూడకుండానే ఇంత గీశాడు. చూసుంటే ఇంకెంత గీసేవాడో."

"ఆకలికి బిడ్డ పోతే, అప్పుడెవరు తిన్నట్టు అత్తా?"

కౌసల్య బిందె తీసుకుని ఏటికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉన్నది.

"వెళ్లమన్నది నేనే," అన్నాడు మునియ్య.

ఆమె చెరుకు కత్తి అందుకుని పరుగెత్తింది.

కాయివీతీల ఊరి నడుమ గుంత తవ్వి ఉన్నది. అందులో కాలిన రాళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. ఒక మనిషి చంటిబిడ్డంత ఆకుల మూటను రెండు చేతులా మోసుకొచ్చి గుంతపైకి వంగాడు. కౌసల్య దానిని లాక్కుని, నేలపై కూలబడి కట్లు కోసింది.

చేమదుంపలు దొర్లాయి.

అతడు ఒక దుంప ఏరి దుమ్ము దులిపాడు. "ఇంకా పచ్చిదే, మాయీ. కాలాక తిందువు," అన్నాడు చెరుకు తోటల హిందీలో. చుట్టూ ఉన్నవారు నవ్వారు.

గుడిసెలో లితియా ఒడిలో బిడ్డ ఆవురావురుమని పాలు తాగుతున్నది. అత్తను చూసి జసోద అడ్డంగా నిలిచింది. "కొడితే నన్ను కొట్టు. దాన్ని మాత్రం తాగనీ."

"ఈ చోకరీ పిల్ల నా పాలు తాగింది, మాయీ," అన్నది లితియా. "ఇంక మాకూ బిడ్డే. విందు అందుకే."

కౌసల్య కత్తిని గడప అవతల పెట్టి వచ్చి చాప మీద కూర్చున్నది. మనుమరాలి గొంతులో గుటక కదలడం చూస్తూ కళ్లు తుడుచుకున్నది. పక్కన జసోద కూడా ఏడ్చింది.

"నువ్వెందుకే ఏడుస్తావు?" అన్నది చివరకు కోడలితో. "రెండో వైపు కూడా పట్టమను. సగం కడుపుతో లేపితే మళ్లీ రాగం తీస్తుంది."