రెండో వైపు మర

మిట్టమధ్యాహ్నం. మగ్దల్లా రేవు దగ్గర తాపీ నది నీళ్ళు పాటుకు వెనక్కి పోయి, ఒడ్డంతా బురద వాసన. రాతిగట్టుకు కట్టిన తెరచాప పడవలో లక్ష్మీరాజం ఒక్కడే ఉన్నాడు. ఇరవై ఏళ్ళు పడుగు పోగును వేలితో మీటి బిగువు చెప్పిన చెయ్యి అది. మగ్గాలు మూతపడ్డాక, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తాళ్ళను మీటి బతుకుతోంది.

ఈ పనికి ఇద్దరు కావాలి. కుడి తాడును బిగించే మర ఒకరిది, ఎడమది ఇంకొకరిది. "ఒక చుట్టు" అని ఒకరంటే "తిప్పిన" అని రెండోవాడు పలకాలి. చివర మర వదులు కాకుండా చెరో పిన్ను గుచ్చాలి. ఆ రెండోవాడు ముత్యం, చెల్లెలు సమ్మక్క మొగుడు. పోయినేడు "పిన్ను పెట్టినవా బావా?" అని అడిగి మరీ స్తంభం ఎక్కాడు. "పెట్టిన" అన్నాడు లక్ష్మీరాజం. పెట్టలేదు. మర ఊడి స్తంభం ఒరిగింది. ముత్యం తల గట్టుకు తగిలింది.

"తాగి ఎక్కిండు" అని లక్ష్మీరాజం అందరికీ చెప్పాడు. చచ్చినవాడు నోరెత్తడు కదా! సమ్మక్క ఆ మాట నమ్మి శవాన్నే తిట్టిపోసింది. ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. పెట్టని ఆ పిన్నును మాత్రం అతడు ఏడాదిగా సున్నం డబ్బాలో మోస్తున్నాడు. పారేసే ధైర్యం చాలలేదు.

ఇవాళ సమ్మక్క అన్నకు సద్ది తెచ్చి గట్టు మీద కూర్చుంది.

"ఒక చుట్టు" అన్నాడు అలవాటుకొద్దీ, కుడి మర తిప్పుతూ.

కిర్ర్... ఎడమ మర తిరిగింది.

"తిప్పిన..."

గాలి అనుకున్నాడు. గాలే లేదు. ఎడమ తాడు మీటాడు. కుడిదాని మోతే, వెంట్రుకవాసి తేడా లేదు. ముత్యం చేతికి తప్ప అంత కుదరదు.

"పిన్ను పెట్టినవా... బావా?"

తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. గట్టు మీద సమ్మక్క లేచి నిలబడింది.

"అన్నా... గిది ఆయన గొంతే. ఏం పిన్ను?"

"ఏం లేదు. నువ్వు ఇంటికి పో."

"జవాబు చెప్పు అన్నా. ఆయన అడుగుతుండు."

అతడు సున్నం డబ్బా తెరిచాడు. ఖాళీ... అడుగున తడి బురద. ఆ పిన్ను ఎడమ మరకు గుచ్చి ఉంది, కొన మడిచి. కుడి మరకు లేదు.

స్తంభం మూలిగింది.

"ఒక చుట్టు..." అంది గొంతు.

అతని చేతికిందే కుడి మర వెనక్కి తిరిగి తాడు వదులైంది. గట్టు మీద, ఏడాదిగా రాని కన్నీళ్ళు ధారగా కారుతుంటే, ఈ పని ఏనాడూ ఎరుగని సమ్మక్క మెల్లగా పలికింది.

"తిప్పిన."