బంపరు ఎత్తు

గురువారం పొద్దున ఎనిమిది కాకముందే ఆవిడ ఉతికిన బట్టలు కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, చేతిసంచీ పట్టుకుని ట్రక్కు పక్కన నిలబడింది. వారంలో ఆవిడకు ఏడు రోజులున్నా, లెక్కలోకి వచ్చేది గురువారం ఒక్కటే. ఆ రోజు రిటైరైన ఉద్యోగులంతా పాత ఆఫీసు వెనక గదిలో చేరతారు. టీ తాగుతూ, ఇప్పటివాళ్ళకు ఒక్కరికీ పని రాదని ఏకగ్రీవంగా తీర్మానించి ఇళ్ళకు పోతారు. కొడుకు కుళాయిల పనికి వెళుతూ దారిలో ఆవిడను అక్కడ దింపుతాడు. భర్త పోయిన ఈ ఆరేళ్ళలో ఒక్క గురువారం కూడా తప్పలేదు.

ఆ రోజు మాత్రం అలవాటుకొద్దీ తలుపు తీసి కుడికాలు ఎత్తిన ఆవిడకు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పాదం పెట్టే పలక నడుము దగ్గరకు వచ్చి ఉంది. ట్రక్కును ఎవరో చంకల కింద చేతులు వేసి పైకి లేపినట్టుంది. నిన్న షెడ్డు నుంచి తెచ్చినప్పుడు కొడుకు తెగ హారన్ కొడుతుంటే, ఏదో చిన్న రిపేరు చేయించాడనుకుని ఆవిడ బయటికి రాలేదు.

"ఎలా ఉందమ్మా? స్ప్రింగులు మార్పించాను. టైర్లు కూడా పెద్దవి!" అన్నాడు కొడుకు, స్కూల్లో బహుమతి కొట్టిన మొహంతో.

"కుళాయి బిగించడానికి కొండలెక్కి వెళ్ళాలా నువ్వు?"

కొడుకు పకపకా నవ్వాడు. ఆవిడ కాలు ఇంకా కిందికి దిగనే లేదు, వెనక నుంచి కోడలి గొంతు వినిపించింది. "అత్తయ్యా, మీకు టాక్సీ చెప్పాను. ఐదు నిమిషాల్లో వస్తుంది."

అక్కడే ఆవిడ మనసులో ముల్లు గుచ్చుకుంది. తను ఎక్కలేనని తనకే ఇప్పుడు తెలిసింది. ఈ అమ్మాయికి ముందే ఎలా తెలుసు?

"తలనొప్పిగా ఉంది. నేనెక్కడికీ వెళ్ళను," అంటూ ఆవిడ లోపలికి వచ్చేసింది. కిటికీలోంచి చూస్తూ ఉండగానే కోడలు, ఆ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చునే కోడలు, పిల్లిలా ఒక్క గెంతులో ట్రక్కెక్కి మొగుడి పక్కన కూర్చుంది. ఆ చోటు ఆరేళ్ళుగా గురువారాల్లో ఆవిడది.

ఆవిడ ఊరికే అనుమానించే మనిషి కాదు, బాగా ఆలోచించి అనుమానిస్తుంది. వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేసింది. దాచిపెట్టిన కాగితం ఏ దస్త్రంలో ఉందో దుమ్ము చూసి చెప్పగలిగేది. వెనకాల అందరూ తనను 'కొలబద్ద' అంటారని తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. అలాంటి మనిషి సొంత ఇంటి గుట్టు రాబట్టలేదా?

గుర్తు చేసుకున్నకొద్దీ అన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పోయిన వారమంతా మొగుడూ పెళ్ళాం గది తలుపు వేసుకుని గుసగుసలాడారు. తను అటు వెళితే చాలు, ఇద్దరూ టక్కున నోరు మూసుకునేవారు. ఒకసారి "అత్తయ్యకి వినిపిస్తుంది, మెల్లగా" అన్న మాట చెవిన పడనే పడింది. పైగా ఆ గురువారం మధ్యాహ్నమే కోడలు భోజనానికి ఇంటికి వచ్చి, వరండాలో ఫోన్ పట్టుకుని, గోడ వైపు తిరిగి మాట్లాడింది.

"అవునండీ, ఆ ఎత్తు వల్లే. పెద్దావిడ ఎక్కలేరు... మా ఇంట్లో ఎవరికీ తెలియకూడదు, అది మాత్రం గుర్తుంచుకోండి."

తలుపు చాటున ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అంటే ఇదంతా తెలిసి చేసిందే! మోకాళ్ళు నొప్పులని తెలిసి, మడత మంచంలా మూలన పడేయడానికి ఇంత పథకం వేశారా? ఈరోజు ట్రక్కులో చోటు పోయింది. రేపు వంటింట్లో పోతుంది, ఎల్లుండి ఇంట్లోనే పోతుంది. ఇంతకంటే మొహం మీద 'నువ్వు మాకు అడ్డం' అని చెప్పేసినా బాగుండేది.

సాయంత్రం కొడుకు వచ్చి స్నానానికి వెళ్ళగానే, ఆవిడ కుట్టుపని టేపు తీసుకుని బయటికి వచ్చింది. నేల నుంచి బంపరు అడుగు దాకా, నేల నుంచి దీపాల మధ్య దాకా కొలిచింది. వంగలేక ఒక చేత్తో బానెట్ పట్టుకుని, రెండో చేత్తో టేపు లాగింది. బంపరు ఉండాల్సినదానికంటే ఐదంగుళాలు పైన ఉంది. దీపాలు నిబంధన దాటాయి. టైర్లు మడ్‌గార్డు దాటి మూడు వేళ్ళ వెడల్పున బయటికి తొంగి చూస్తున్నాయి. వెనక చక్రాలకు బురద ఆపే రబ్బరు పలకలైతే అసలు లేనే లేవు. ఈ నిబంధనలన్నీ ఎన్నిసార్లు టైపు చేసిందో ఆవిడకే లెక్క లేదు. నిద్రలో లేపి అడిగినా కామాతో సహా చెబుతుంది.

శుక్రవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తను పనిచేసిన ఆఫీసుకే ఫిర్యాదు రాసింది. విషయం, సూచిక, వాహనం నంబరు, కొలతలు. ఒక్క అక్షరం కొట్టివేత లేదు. చివర 'ఒక పౌరురాలు' అని రాసి సంతకం పెట్టలేదు. పోస్టు డబ్బాలో వేసి వస్తుంటే మాత్రం, సొంత కొడుకు మీద ఫిర్యాదు చేసిన తల్లి ఆ ఊరు మొత్తం మీద తను ఒక్కతే అయి ఉంటుందనిపించింది.

బుధవారం నోటీసు వచ్చింది. కొడుకు అన్నం తింటున్నవాడల్లా ఎడమచేత్తో కవరు చింపి, నాలుగు లైన్లు చదివి, పళ్ళెం పక్కకు తోశాడు.

"ఏడు రోజుల్లో బండి తనిఖీకి తేవాలట! లేకపోతే రిజిస్ట్రేషన్ ఆపేస్తారట! ఎవడో ఫిర్యాదు చేశాడు. బండి ఆగితే నా పనిముట్లు నెత్తిన పెట్టుకుని తిరగాలా?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ అది గమనించింది. 'నన్నే అనుమానిస్తోంది' అనుకుని మంచినీళ్ళు గటగటా తాగేసింది.

"నాకు తెలుసు ఎవరో," అన్నాడు కొడుకు లేచి చెయ్యి కడుక్కుంటూ. "ఎదురింటి టీచరు! మన దీపాలు వాళ్ళ ముందు గదిలో పడుతున్నాయని మొన్న అన్నాడు. ఇప్పుడే వెళ్ళి కడిగేస్తాను."

"వద్దండీ!" అంది కోడలు.

"వద్దురా!" అంది ఆవిడ కూడా, ఒకేసారి.

కొడుకు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏంటి, ఇద్దరూ ఆయన పార్టీయా?" అని చెప్పులేసుకోబోయాడు. టీచరు గుండెజబ్బు మనిషి. ఎవరి జోలికీ పోడు. ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"ఆయన కాదు. నేను రాశాను."

కొడుకు ఒక కాలికి చెప్పుతోనే వెనక్కి తిరిగాడు.

"నువ్వా? నా మీదా?" అన్నాడు కొడుకు. "ఎందుకమ్మా?"

"ఎందుకంటావా? నన్ను ఎక్కనివ్వకూడదనేగా అంత ఎత్తు లేపించారు! తలుపులు వేసుకుని గుసగుసలు! ఫోన్లో 'పెద్దావిడ ఎక్కలేరు' అని ఎవరితోనో చెప్పుకోవడాలు! నేను అడ్డమైతే నోటితో చెప్పండిరా, బండి లేపి చెప్పడం దేనికి?"

"అమ్మా, నీ మీద ఒట్టు, అది కాదు! నాకు సరదా పుట్టింది, లేపించాను. అంతే. నువ్వు టాక్సీలో వెళతావులే అనుకున్నాను. బండెక్కాలని ఉందని నువ్వెప్పుడైనా అన్నావా? నా దారిలో పడుతుంది కాబట్టి వస్తున్నావనుకున్నాను."

ఆవిడకు కుట్ర చేశాడని తేలినా ఇంత బాధ ఉండేది కాదేమో. తను ఎక్కుతుందా ఎక్కదా అన్నది వాడికి పెద్ద విషయమే కాలేదు. ఏం చేయాలో తోచక బల్ల మీది నోటీసు తీసుకుని, ఉద్యోగంలో అలవాటైనట్టు పైనుంచి కిందికి చదవసాగింది. కొడుకు చదవకుండా వదిలేసిన సూచిక లైను దగ్గరే ఆవిడ చూపు నిలిచిపోయింది.

"ఇందులో రెండు ఫిర్యాదులున్నాయి," అంది మెల్లగా. "ఒకటి సోమవారం అందింది. అది నాది. ఇంకొకటి అంతకుముందు గురువారానిది. నేను శుక్రవారం దాకా కాగితమే ముట్టలేదు."

"అదిగో, నేను చెప్పలా? టీచరే!"

"కాదు." కోడలు గరిటె కింద పెట్టింది. "గురువారంది నాది."

కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని కోడలి వైపు తిరిగింది. మనిషిని అంత సూటిగా చూసి చాలా రోజులైంది.

"ఆ ఫోను రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్ళకే చేశాను అత్తయ్యా. షెడ్డుకి పంపకముందు వారమంతా ఈయనతో పోట్లాడాను, అత్తయ్య ఎలా ఎక్కుతారండీ అని. 'అమ్మ ఏమీ అనుకోదు' అంటారు. మీకు వినిపిస్తే 'నా కోసం ఎవరూ ఏమీ మానుకోనక్కర్లేదు' అనేస్తారు, ఈయనకి అదే కావాలి. అందుకే తలుపులేసుకుని పోట్లాడాను. వినలేదు. టాక్సీ కూడా అందుకే ముందే చెప్పి ఉంచాను. గురువారం మీరు లోపలికి వెళ్ళిపోయాక ఇక ఫోన్ చేసేశాను."

ఆవిడ నోటీసు మడిచి బల్ల మీద పెట్టింది. "ఏ నిబంధన కింద ఇచ్చావు?" అంది.

"నిబంధనలు నాకేం తెలుసు? మా అత్తగారు ఎక్కలేకపోతున్నారు, కిందికి దించండి అన్నాను."

"అలాంటి నిబంధన లేదమ్మాయ్."

"వాళ్ళూ అదే అన్నారు. అయినా రాసుకోండి అన్నాను."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. భర్త పోయిన రోజున కూడా నలుగురిలో ఏడవని మనిషి, బల్ల మీద తలపెట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అన్ని అంగుళాలు కొలిచి, అన్ని లైన్లు రాసి, రాయవలసిన ఒక్క మాటా తను రాయలేదు. అది కోడలు రాయించింది. ఏ పిల్ల మీద తను వారం రోజులు విషం పెంచుకుందో ఆ పిల్ల! కోడలు పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమురుతోంది. కొడుకు తల దించుకునే "రేపే దింపించేస్తానమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున ట్రక్కు షెడ్డుకు బయలుదేరుతుంటే ఆవిడ వరండాలోకి వచ్చింది. "నేనూ వస్తాను."

"షెడ్డుకా? అక్కడంతా గ్రీజు, మురికి. నీకెందుకమ్మా?"

"నాకు రావాలని ఉంది," అంది ఆవిడ. ఆ మూడు ముక్కలు అనడానికి ఆవిడకు చెమటలు పట్టాయి.

కొడుకు మారు మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ కలిపి మెట్టులా పట్టాడు. వెనక నుంచి కోడలు ఎత్తింది. "అయ్యో, మెల్లగా! పడతాను! నవ్వకండర్రా!" అని ఆవిడ అరుస్తుంటే, ఇద్దరూ ఆయాసపడుతూ, మొత్తానికి ఆవిడను సీట్లోకి చేర్చారు. పైనుంచి చూస్తే ఎదురింటి టీచరు పూలకుండీల దాకా కనిపిస్తున్నాయి. సరదా ఎందుకు పుట్టిందో ఆవిడకు కొంచెం అర్థమైంది కూడా.

కొడుకు ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. కోడలు గేటు తీయడానికి ట్రక్కుకు ముందు వైపు వెళ్ళింది. ఆవిడ ఆమెనే చూస్తోంది. గేటు ఒక రెక్క తెరిచి, రెండో రెక్క కింది గడియ తీయడానికి కోడలు వంగింది. వంగగానే మనిషి లేదు! కనిపిస్తున్నది బానెట్, దాని పైన ఖాళీ గేటు. కొడుకు చెయ్యి గేరు మీదకు వెళ్ళింది.

"ఆగరా!" ఆవిడ కొడుకు చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది. "అమ్మాయి ఉంది! ముందు అమ్మాయి ఉంది!"

కొడుకు ఇంజను ఆపేశాడు. మరుక్షణం కోడలి తల బానెట్ అవతల నుంచి పైకి వచ్చింది. "ఏమైంది అత్తయ్యా?"

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బంపరు ఎత్తు నిబంధన టైపు చేసింది ఆవిడ. అది ఎందుకుందో ఆ పొద్దున తెలిసింది.

"గేటు సంగతి వాడు చూసుకుంటాడు," అంది, సీట్లో ఒక పక్కకు జరిగి, తలుపు తీసి చెయ్యి అందిస్తూ. "నువ్వొచ్చి నా పక్కన కూర్చో."