మూడో ప్లగ్ గుంతలో నల్ల ఆయిల్

ఫోన్‌లో కోడ్ వర్డ్ వినగానే ఏజెంట్ ఖాజావలికి నడుం నొప్పి మళ్లీ మొదలైంది.

"హెడ్ గ్యాస్కెట్ దొరికిందా?" హైదరాబాద్ నుంచి డైరెక్టర్ చైతన్యకృష్ణ.

"ఒంగోల్లో స్టాకు లేదంటండీ," అన్నాడు ఖాజావలి. అది జవాబు కోడ్.

దర్శి ఊరి చివర మెకానిక్ వేషంలో అతనికిది తొమ్మిదో ఏడు. మొదటి ఏడాది అది వేషంలాగే ఉండేది. ఇప్పుడు ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో గ్రీజు పోదు. వయసు యాభై ఆరు. డిపార్ట్‌మెంట్ తనని మర్చిపోయిందేమోనని బాధపడటం కూడా మానేశాడు.

"తెల్ల సెడాన్. గుంటూరు నుంచి హైవే వదిలేసి వినుకొండ మీదుగా వస్తోంది. ఇంజన్ మిస్సవుతూ కుదుపుతోంది, మీ షెడ్డు దగ్గర ఆగక తప్పదు. నడిపేది తేజశ్రీ."

"మన తేజశ్రీయా?"

"విదేశీ ముఠాలోకి మనమే పంపాం. ఇప్పుడు వాళ్ల మనిషైపోయిందని అనుమానం. ఆ దేశంలో పనిచేస్తున్న మన ఏజెంట్లు పదిహేడు మంది పేర్లు ఒక చిప్‌లో ఉన్నాయి. అయిదింటికి కొత్తపట్నం తీరంలో బోటు. నరసరావుపేటలో మామూలు చెకింగ్ పేరుతో కారంతా వెతికించాం. ఏమీ దొరకలేదు. రుజువు లేకుండా ఆమెని ఆపలేం ఖాజావలి గారూ."

పదిహేడు మందిలో ఒకరు కౌసర్. ఖాజావలి చెల్లెలు సైదాబీ కూతురు. దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగమని తల్లికి చెప్పి, ఆ పిల్లని ఈ పనిలో చేర్పించింది అతనే. చిప్ బోటెక్కితే తెల్లారేసరికి కౌసర్ ఉండదు. డైరెక్టర్ ఆ మాట అనలేదు. అనక్కర్లేదు కూడా.

రెండున్నరకి కారు దగ్గుకుంటూ వచ్చి ఆగింది. చలువ కళ్లద్దాలు, మంగళగిరి చీర, షెడ్డంతా కమ్మేసే సెంటు. పత్తి ఎక్స్‌పోర్టర్‌నని చెప్పుకుంది తేజశ్రీ.

"త్వరగా చూడండి. అయిదింటికి మీటింగుంది."

"ఇంజన్ కాస్త చల్లారాలి గదా మేడమ్."

పావుగంట ఆగి, స్పార్క్ ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్ ఒక్కొక్కటే పైకి లాగాడు. ఒకటో ప్లగ్ గుంత పొడిగా ఉంది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోదాన్నిండా నల్లటి ఆయిల్. కాయిల్ కింది రబ్బరు తొడుగు అందులో నాని, కరెంటు ప్లగ్గుకి చేరకుండా పక్కకి పోతోంది. ఇంజన్ మిస్సవడానికి కారణం అదే.

"వాల్వ్ కవర్ సీలు పోయిందట. గుంటూర్లోనే చెప్పారు," అంది తేజశ్రీ, అతను నోరు తెరవకముందే. "తుడిచి పెట్టెయ్యండి చాలు. తర్వాత మార్పించుకుంటాను."

సబబైన మాటే. మెకానిక్‌లు పదిమందిలో తొమ్మిది మంది అదే చెబుతారు. ఖాజావలికి కూడా తుడిచేసి, ఓ పక్కన కూలబడాలనిపించింది. గుడ్డ తీసి ఆయిల్లో ముంచాడు.

అప్పుడు చెయ్యి ఆగింది.

ఇంజన్‌కి మూతలా ఉండే వాల్వ్ కవర్ అంచు వెంట వేలు పోనిచ్చాడు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర నిలబడ్డ బండేమో, ఎర్రటి దుమ్ము పొడిపొడిగా ఉంది. అక్కడ ఆయిల్ చెమర్చి ఉంటే ఆ దుమ్ము ముద్ద కట్టేది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి చూశాడు. ఇంజన్‌లో ఆయిల్ తేనె రంగులో ఉంది. గుడ్డకంటింది మాత్రం కాటుక నలుపు. డీజిల్ జనరేటర్‌లోంచి తీసిన పాత ఆయిల్ అలా ఉంటుంది. పైగా అందులో సన్నటి తెల్లటి పోగులు. పత్తి నూగు.

ఇంజన్‌లోకి పత్తి నూగు ఎక్కణ్ణించి వస్తుంది? ఈ ఆయిల్ లోపల్నించి కారలేదు. ఏదో జిన్నింగ్ మిల్లులో, ఎవరో పైనుంచి పోశారు. నల్ల ఆయిల్ కనిపిస్తే అందులో ఎవరూ వేలు పెట్టరు. నరసరావుపేటలో చెకింగ్ వాళ్లూ యూనిఫాం పాడవుతుందని చూసి వదిలేసి ఉంటారు.

ఆయిల్లోకి చూసే కెమెరా ఒకటి డిపార్ట్‌మెంట్ పంపింది గానీ, అది పనిచేసిన రోజు లేదు. ఖాజావలి గేదెలకి వాడే లావు సిరంజి తీసుకుని, గొట్టం గుంతలోకి దించాడు. ఆయిల్ వచ్చింది, వచ్చింది, చటుక్కున ఆగింది. అడుగున ఏదో అడ్డుపడింది. పట్టకారు పెట్టి లాగితే, వేడికి తట్టుకునే, చిప్ పట్టేంత చిన్న లోహపు గొట్టం బయటికొచ్చింది.

"అది అక్కడ పెట్టు."

తేజశ్రీ చేతిలో పిస్టల్.

"నువ్వు మెకానిక్‌వి కాదు."

"మావాళ్లూ అదే అంటారు. నాకే నమ్మకం కుదరడం లేదు."

"టైం లేదు. మూడు లెక్కపెడతాను. ఒకటి."

పరిగెత్తే వయసు కాదు. కౌసర్ మొహం కళ్లముందు మెదిలింది. భయమేసింది, నిజంగానే.

"రెండు."

రెండో చేతిలోని సిరంజిని బలంగా నొక్కాడు. నల్లటి ఆయిల్ ఆమె కళ్లద్దాల్నీ మొహాన్నీ కప్పేసింది. గుండు పాత టైర్లలోకి దూసుకుపోయింది. ఒక్క అంగలో వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పిస్టల్ జారింది. అతని నడుం కూడా కలుక్కుమంది.

"ఎలా కనిపెట్టావ్?" అందామె మొహం తుడుచుకుంటూ.

"ఇదే ఇంజన్‌లో ఆయిల్ తీసి పోసుంటే తుడిచి పంపేసేవాణ్ణి. మిల్లులో చేతికందింది పోశారు. అదీ కాయిల్ తడిసేంత పోశారు."

మూడున్నరకి జీపొచ్చి ఆమెను తీసుకెళ్లింది. "పదిహేడు మందీ సేఫ్," అన్నాడు డైరెక్టర్ ఫోన్‌లో.

"నేనలిసిపోయాను సార్. ఇక్కణ్ణించి తప్పించండి."

"చూద్దాం," అన్నాడు డైరెక్టర్. తొమ్మిదేళ్లుగా అదే మాట.

సాయంత్రం పొన్నూరు నుంచి సైదాబీ ఫోన్ చేసింది. కోపంతో గొంతు మండిపోతోంది.

"నీ మేనకోడలు ఇప్పుడే ఫోన్ చేసిందన్నా. పావుగంట నాతో పోట్లాట!"

ఖాజావలి టైరు మీద కూర్చుండిపోయాడు. "ఇప్పుడేనా? తనేనా మాట్లాడింది?"

"తను కాక ఎవరు? నేను పంపిన పండుమిరపకాయ పచ్చట్లో ఉప్పెక్కువైందంట! నువ్వే చెప్పు, నా పచ్చట్లో ఉప్పెక్కువవుద్దా?"

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉప్పు నిజంగా ఎక్కువే, ప్రతి ఏడూ ఎక్కువే. పిస్టల్‌కి ఎదురు నిలిచిన మనిషి ఆ మాట చెల్లెలితో అనడానికి మాత్రం సాహసించలేదు.

"ఛ," అన్నాడు. "పిల్లకేం తెలుసు!"