రీ అంటే మళ్ళీ

ఆ సోమవారం నేను ఇంగ్లీషు క్లాసుకు వెళ్ళింది పాఠం కోసం కాదు, పోట్లాట కోసం.

లాండ్రీ పైన ఒకే ఒక్క గది. పొద్దున ఏడింటికే కింది ఇస్త్రీ వేడి నేలలోంచి పైకి తన్నుకొస్తూ ఉంటుంది. పదిమందిమి కూర్చుంటాం, అందరం ఏదో ఒక పని చేసుకుని బతికేవాళ్ళమే. టీచర్ బోర్డు మీద 'అన్' అని రాసి, దానికి ఒక్కో మాటా తగిలిస్తోంది. నేను నేరుగా వెళ్ళి ఆవిడ టేబుల్ మీద కాగితం పడేశాను.

"రీ అంటే ఏంటండీ?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది. "మళ్ళీ. ఆ పాఠం అయి నెల దాటింది. అయినా ఈ వారం మీకు పొద్దున డ్యూటీ అన్నారు కదా."

"సైన్ అంటే?"

"సంతకం."

"రెండూ కలిపి చదవండి."

ఆవిడ కాగితం చూసింది. మొహం మారిపోయింది. "ఇది రిజైన్ అండి."

"మీరు నేర్పిన లెక్కన ఇది రీ-సైన్. మళ్ళీ సంతకం. మీ పాఠం పుణ్యమా అని నా ఉద్యోగం ఊడింది."

క్లాసంతా పెన్నులు ఆపేసింది. నాకు సిగ్గు వెయ్యలేదు. అంత మంటగా ఉంది ఒళ్ళు.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. ఎనిమిదేళ్ళ సర్వీసు. ఫోర్‌మన్ కావాలంటే ఇంగ్లీషు మాన్యువల్ చదవడం రావాలన్నారు, దానికో పరీక్ష కూడా పెడతారు. అక్క పోరుపెట్టి ఈ క్లాసులో చేర్పించింది. ఫోర్‌మన్ సీటుకు వరసలో నేనే ముందున్నాను, నా వెనక మా సూపర్‌వైజర్ బామ్మర్ది ఉన్నాడు.

శనివారం నేను లిఫ్టు గోతిలో దిగి నూనె పెడుతుంటే సూపర్‌వైజర్ పైనుంచి వంగి కాగితం అందించాడు. "నీ సెలవు చీటీ మీద టీ ఒలికింది. మళ్ళీ సంతకం పెట్టు" అన్నాడు. మూడు లైన్ల ఇంగ్లీషు. మొదటి లైను చూడగానే నా ఛాతీ పొంగింది. 'ఐ రీ-సైన్' అని పైకి చదివి, "మళ్ళీ సంతకం పెడుతున్నానని కదా సార్?" అని అడిగాను. "అబ్బో, క్లాసు బాగానే పనిచేస్తోందే" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు ఉబ్బిపోయి, నూనె చేతులతోనే సంతకం పెట్టాను.

సోమవారం ఆరింటికి డ్యూటీకి వెళితే వాచ్‌మన్ గేటు తియ్యలేదు. "వచ్చారా రీ-సైన్ సారూ" అని నవ్వి, నా రాజీనామా కాపీ చేతిలో పెట్టాడు. అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాను. అక్క తిట్టలేదు, ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

ఇదంతా చెప్పాక టీచర్‌కు నామీద జాలి కలుగుతుందనుకున్నాను. కోపం వచ్చింది.

"మిగతా రెండు లైన్లు చదవలేదా? ఫ్రమ్ మై పోస్ట్ అని ఎంత స్పష్టంగా ఉంది."

"పోస్ట్ అంటే తర్వాత అని మీరే చెప్పారు. నా తర్వాత నుంచి అంటే ఏంటో తెలీలేదు. వదిలేశాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. టీచర్ అటు ఒక్క చూపు చూసేసరికి నోరు మూశారు. "రిజైన్ అనే మాట మీరెప్పుడూ వినలేదా?"

"విన్నాను. రోజూ వింటాను. నోటితో జ అని పలికేదాన్ని కాగితం మీద ఎస్‌తో రాస్తారని నాకేం తెలుసు?"

ఆవిడ డస్టర్ విసిరి, గొడుగు అందుకుంది. "అందరూ 'అన్' మాటలు ఇరవై రాయండి. మీరు పదండి."

"ఎక్కడికి?"

"మీ ఆఫీసుకి."

బయట వాన దంచుతోంది. ఒకటే గొడుగు. అది ఆవిడ కోపానికే సరిపోయింది, నేను తడుస్తూ పక్కన నడిచాను.

"ప్రతి రీ ముక్కా మళ్ళీ కాదండి. రెస్ట్ అంటే మళ్ళీ ఎస్టా? రెంట్ అంటే మళ్ళీ ఎంటా? ఆ మాత్రం ఆలోచన ఉండక్కర్లేదా?"

"ఆ మాత్రం మొదటిరోజే చెప్పి ఏడవచ్చుగా."

ఆవిడ ఆగిపోయింది. వానలో పెద్దపెద్ద అడుగులేస్తున్న మనిషి కొయ్యబారినట్టు నిలబడింది. నోరు జారానని తెలిసింది. క్షమించమని అడగడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. ఆవిడ గొడుగు నావైపు జరిపింది. అప్పుడు ఆవిడ కుడి భుజం తడవడం మొదలైంది, అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టి తెల్లకాగితం ఇచ్చింది. "రాజీనామా విత్‌డ్రా చేసుకుంటున్నానని రాయండి. మీ చేత్తోనే."

"విత్ అంటే తోడు, డ్రా అంటే బొమ్మ గీయడం. తోడుగా బొమ్మ గీయనా?"

"వెటకారం తర్వాత. కోపమంతా పెన్నులో పెట్టి రాయండి."

రాశాను. రెండుసార్లు కాగితం చిరిగింది.

తొమ్మిదింటికి మేనేజర్ మేడమ్ వచ్చింది. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇష్టపడి ఇచ్చిందే మేడమ్. ఇప్పుడు మనసు మార్చుకుని, ఇంగ్లీషు రానట్టు నటిస్తున్నాడు. ఈ టీచరమ్మ బాగా తర్ఫీదిచ్చి తెచ్చింది."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి లేచేదే. టీచర్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు చూస్తే, నన్ను ఆపి తనే కొట్టేలా ఉంది.

"మేడమ్, మీ వాచ్‌మన్‌ని ఒక్కసారి పిలిపించండి" అంది. "ఈయన్ని పొద్దున రీ-సైన్ సార్ అని ఎందుకు పిలిచాడో అడగండి."

సూపర్‌వైజర్ మొహంలో రంగులు మారాయి. వాచ్‌మన్ వచ్చి తల గోక్కున్నాడు. "నాదేం లేదు మేడమ్. సూపర్‌వైజర్ సారే శనివారం చెప్పి నవ్వారు. వీడికి రిజైన్ అని తెలీదు, మళ్ళీ సంతకం అనుకుని పెట్టేశాడు అని. క్లర్కులూ నేనూ అందరం నవ్వుకున్నాం."

మేనేజర్ సూపర్‌వైజర్ వైపు చూసింది. ఆవిడ నా రాజీనామాను నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "నువ్వు మధ్యాహ్నం డ్యూటీకి రా. పరీక్షకు చదువుకో" అని నాతో అని, సూపర్‌వైజర్‌కు కుర్చీ చూపించింది. "మీరు ఉండండి. మాట్లాడాలి."

బయటికొచ్చేసరికి వాన తగ్గుముఖం పట్టింది. టీచర్ గొడుగు దులుపుతూ, నావైపు చూడకుండా అంది.

"రేపట్నించి క్లాసుకి రాకండి."

"ఎందుకు?"

"తప్పు నాది కాబట్టి. నెలరోజులు రీ అంటే మళ్ళీ అని గొంతు చించుకున్నాను. అన్నిచోట్లా కాదు అని ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఒక్క ముక్కకి మీ అక్క ఏడ్చింది. వేరే మంచి టీచర్ని చూసుకోండి."

ఉద్యోగం ఊడినప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు.

"తగువు నాది. కాగితం నాది. సంతకం నాది. మధ్యలో మీరు తీర్పు చెప్పేసి పొమ్మంటే పోవాలా?"

"నా మీద మీకు అయిష్టం ఉండటం న్యాయమే అంటున్నాను."

"ఆ మాటకి ముందున్న 'అ' తీసేసి చదవండి."

ఆవిడ గొడుగు దులపడం ఆపింది. కళ్ళజోడు మీద చినుకులు. తుడుచుకోలేదు.

"ఇది జోకు వేసే సమయమా?"

"జోకు కాదు. ఫోర్‌మన్ అవ్వాలనే చేరాను. రెండో వారం నుంచి ఎందుకు వస్తున్నానో నాకే తెలీదు. ఇవాళ తెలిసింది. గేటు దగ్గర నిలబెట్టి నవ్వితే ఇంటికి పోలేదు, మీ దగ్గరికొచ్చాను."

"తిట్టడానికి వచ్చారు."

"తిట్టడానికైనా నాకు మీరే కావాల్సొచ్చింది."

రోడ్డు మీద ఒక బస్సు నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. ఇద్దరం ఒకేసారి వెనక్కి జరిగాం, భుజాలు తగిలాయి, ఎవరూ పక్కకు తప్పుకోలేదు.

"ముందు మీ అక్కకి ఫోన్ చెయ్యి" అంది. "ఉద్యోగం ఉందని చెప్పు."

మూడు నెలల్లో ఆవిడ నోట 'అండి' లేని మాట నేను వినడం అదే మొదలు. పొరపాటేమోనని మొహంలోకి చూశాను. బుగ్గలు ఎర్రబడ్డాయి, చూపు మాత్రం ఇంకా కోపంగానే ఉంది.

"చెప్పాక?"

"నా గురించి చెప్పు. కోపిష్టిదని కూడా చెప్పు."